‘అక్కా, ఇంకా రాస్తున్నావా?’: తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గలో మాకు చిన్న జెరాక్స్, డీటీపీ దుకాణం ఉంది. పగలు జనానికి అర్జీలు టైపు చేస్తాను. రాత్రిపూట కవితో కథో రాసుకుంటాను. ఎవరైనా పిలిస్తే వెళ్లి వినిపిస్తాను. పుస్తకాలు నేనే వేసుకుని నేనే అమ్ముకుంటాను. బడుల్లో, సభల్లో, ఫోన్లో, జెరాక్స్ కోసం నిలబడినప్పుడు జనం అడిగే ప్రశ్నలు ఇంచుమించు ఒకటే. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చెప్పేసరికి మారిపోతోందని మా ఆయన వేళాకోళం చేస్తున్నాడు. అందుకని ఒకచోట రాసి పెడుతున్నాను.

స్వతంత్ర రచయిత్రి అంటే ఏమిటి? ఎవరి మీదా ఆధారపడరనా?

ఎవరి మీదా ఆధారపడకుండా రాసినవాళ్లు ఎక్కడైనా ఉన్నారేమో నాకు తెలీదు. మా ఆయన దుకాణంలో కూర్చుంటేనే నేను బస్సెక్కగలను. పుస్తకం వెయ్యాలా వద్దా, ఏ కథ ఉంచాలి, ఏది తీసెయ్యాలి, ఎన్ని కాపీలు, ధర ఎంత అన్నవి నేనే తేల్చుకుంటాను. నష్టం వస్తే అదీ నాదే. అంతకు మించి ఆ మాటకి పెద్ద అర్థమేం లేదు. సంఘాల మీద కోపం లేదు, పిలిస్తే వెళ్తాను, కుర్చీ ఇస్తే కూర్చుంటాను.

రాసి బతకొచ్చా?

కవిత్వం రాసి బతకడం నావల్ల కాలేదు. కొన్ని పత్రికలు కథకి పారితోషికం ఇస్తాయి, కొన్ని కాపీ పంపుతాయి, కొన్ని అదీ పంపవు. పుస్తకం మీద వచ్చింది మళ్లీ పుస్తకానికే పోతుంది. ఉద్యోగం మానేసి రాసుకుందామని అడిగే కుర్రాళ్లందరికీ ఒకటే చెబుతాను: మానకండి. జీతం ఉంటే కథ తొందరపడదు. పైగా దుకాణమే లేకపోతే నాకు కథలెవరు చెబుతారు?

మీది ఉద్దానమే కదా, తిత్లీ తుఫాను మీద ఒక్క కవితా రాయలేదేం?

ఈ మాట ఎక్కువగా బయటి ఊళ్లవాళ్లు అడుగుతారు. ఉద్దానం అంటే మా వైపు కొబ్బరి, జీడి తోటల ప్రాంతం. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది. వెలుగొచ్చి చూసేసరికి కొబ్బరి, జీడి, పనస అన్నీ నేలమీదే. తర్వాత వారం పది రోజులు తుఫాను మీద కవితలు చాలా వచ్చాయి. కొన్ని బాగున్నాయి కూడా. అప్పుడు నేను అద్దె జనరేటరు పెట్టుకుని నష్టపరిహారం అర్జీలు కొడుతున్నాను.

ఎన్ని చెట్లు పోయాయి, ఎంత వయసువి అని రాస్తే అర్జీకి కాస్త బలం. చెట్టు వయసు ఎంతని అడిగితే ఎవరూ ఏళ్లలో చెప్పరు. ‘ఈ వరస మా పెద్దదాని ఈడుది.’ ‘అయి మా మావ పోయిన ఏడు ఏసినవి.’ ‘ఆ మూలవి, నాను కాపరానికొచ్చేసరికే కాపులో ఉన్నాయి తల్లీ.’ పెద్దదానికి ఎన్నేళ్లు, మావ ఎప్పుడు పోయాడు అని అడిగి, లెక్కగట్టి, కాగితం మీద పద్దెనిమిది అనో ముప్పై అనో వేసేదాన్ని. కొబ్బరి మొక్క పెడితే కాపుకి ఆరేడేళ్లు పడుతుంది. మళ్లీ పెడతారా అని ఓ ముసలాయన్ని అడిగితే ‘ఎవులికోసం పెట్టమంతావు?’ అని ఎదురడిగాడు. కొడుకులిద్దరూ హైదరాబాదులో.

అర్జీలో పట్టని మాటలు పక్కన నోటుబుక్కులో రాసుకున్నాను. అవి చాలాకాలం అలాగే ఉండి తర్వాత ఓ కథలోకి వెళ్లాయి. కవిత మాత్రం కాలేదు. నా కవితల్లో ఎక్కడో ఓ చోట నేనొచ్చి ఏదో ఒకటి అంటాను. అక్కడ నేను అనడానికి ఏం మిగిలింది?

అంటే దుకాణానికి వచ్చినవాళ్ల కథలు రాసేస్తారా? భయంగా ఉందే!

భయపడకండి. అర్జీలో ఉన్న సంగతి కథలోకి రాదు. అది వాళ్ల కాగితం, నేను టైపిస్టుని. అర్జీ అయ్యాక, కాగితం ఆరేలోపు, అడగకుండానే చెప్పే మాటలుంటాయి కదా, అవి నావి. అప్పుడైనా ఊరు, కులం, పని, పిల్లల సంఖ్య మార్చేస్తాను. మనిషిని గుర్తుపట్టే ప్రమాదం ఉందనిపిస్తే వాళ్లకే చదివి వినిపిస్తాను. ఒకావిడ వద్దంది, ఆ కథ ఇప్పటికీ సొరుగులోనే ఉంది. ఇంకొకావిడ ‘మా అత్త పేరు మార్చకు, అలాగే ఉంచు’ అని పట్టుబట్టింది. మార్చాననుకోండి.

ముందు చెబుతారా, రాస్తారా?

చాలామటుకు ముందు చెబుతాను. మా చిన్నప్పుడు అమ్మవారి సంబరాలకి జముకుల కథ వచ్చేది. జముకు అంటే ఒకపక్క తోలు కట్టి, మధ్యలోంచి నరం లాగిన వాయిద్యం. ఆ నరం మీటితే గుబగుబలాడుతుంది. కథకుడు ఓ చోట ఆగగానే వంతవాళ్లు అందుకుని ‘ఆఁ, తరవాతేటైనాది?’ అని అడిగేవారు. ఎక్కడ ఆగాలో, ఎంతసేపు ఆగాలో వాళ్లను చూసే నేర్చుకున్నాను. విప్లవ కవి సుబ్బారావు పాణిగ్రాహి ఈ జముకుల కథనే తీసుకుని శ్రీకాకుళం రైతాంగ పోరాటం రోజుల్లో ఊరూరా చెప్పారు. ఆ నరానికి అంత సత్తువ ఉంది. నాకు జముకు వాయించడం రాదు. వంత మాత్రం కావాలి. నా కథలకి వంత వినేవాళ్లే.

ఒక సంగతి చెబుతాను. పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల జీడిపిక్కలు వొలిచే పని ఆడవాళ్లది. పిక్క పెంకులోని సొన చర్మాన్ని కాల్చేస్తుంది. అందుకని చేతులకి బూడిదో నూనో పట్టించుకుని కూర్చుంటారు, అయినా వేళ్లు నల్లబడతాయి. అలాంటి ఒకావిడ మీద కథ రాశాను. పత్రికకి పంపేముందు మా వీధి చివర అరుగు మీద, పని దిగి వచ్చిన నలుగురైదుగురికి చదివాను. విన్నారు. ఒకావిడ మాత్రం ఏమీ అనకుండా బొటనవేలు నా మొహం ముందు పెట్టింది. దగ్గరగా చూశాను. నల్లగా ఉంది, సరే. కానీ నున్నగా ఉంది, ఒక్క గీత లేదు.

‘ఏలు నల్లబడతాదని రాసినావు గానీ తల్లీ, ఏలిముద్ర పడతనేదని రాయనేదేటి? బియ్యానికెల్తే మిషను నన్ను కాదంతంది.’

నా దుకాణంలోనూ వేలిముద్ర మిషను ఉంది. అందులో వేలు పడక నాలుగుసార్లు తుడుచుకునే ఆడవాళ్లను రోజూ చూస్తూనే ఉంటాను. ఆ రెండూ ఒకే వేలు అని ఆవిడ చెప్పాక కథ రెండో సగం నడిచింది. పుస్తకం అచ్చయ్యాక జనంతో పంచుకుంటారా అని అడుగుతుంటారు. నేను పంచుకునే పని అచ్చుకి ముందే, రాత మధ్యలోనే అయిపోతుంది. ఆ అరుగు లేకపోతే నా దగ్గర సగం కథలే ఉండేవి.

కవితలకి ఇది అంతగా కుదరదు. కవిత ఒకరిద్దరికి, అదీ ఫోన్లో.

మీ శ్రీకాకుళం యాస మాకు అర్థం కాదు. అందరికీ తెలిసేలా రాయొచ్చుగా?

గుంటూరు, విజయవాడ పాఠకుల నుంచి ఎక్కువ వచ్చే ఫిర్యాదు. మాకు మీ సినిమాలు అర్థమైనట్టే మీకు మా కథలూ అర్థమవుతాయి, రెండు పేజీలు ఓపిక పట్టండి.

వేళాకోళం పక్కన పెడితే, నేను పాటించేది ఇదీ. మనుషులు మాట్లాడుకునే చోట యాస ఉన్నదున్నట్టు. ‘వాన కొట్టీసింది, ఆడు ఇంటికెల్లిపోనాడు’ అనే మనిషి చేత ‘వాన పడింది, వాడు ఇంటికి వెళ్లిపోయాడు’ అనిపిస్తే ఆ మనిషి పోయాడు, మాట ఒక్కటే మిగిలింది. కథ చెప్పేది నేనైతే నా మామూలు భాష. కథ చెప్పేది పాత్రే అయితే మొత్తం వాళ్ల భాషే. ప్రతి మాటనీ వంకర తిప్పి రాస్తే చదివేవాడి కన్ను అక్షరం మీదే ఆగిపోతుంది, కాబట్టి క్రియల్ని మాండలికంలో ఉంచి నామవాచకాలు చాలావాటిని మామూలుగా వదిలేస్తాను. చెవికి అది చాలు.

ఇంకోటి. ‘శ్రీకాకుళం యాస’ అని ఒకటి లేదు. రేవులో మత్స్యకారుల మాట వేరు, ఉద్దానం తోటల మాట వేరు, ఇచ్ఛాపురం, కవిటి వైపు ఒడియా కలుస్తుంది, మందస కొండల్లో గిరిజనుల సవర భాష వినిపిస్తుంది. విజయనగరం వాళ్ల సాగదీత మళ్లీ వేరు. ఏ ఊరి మనిషి గురించి రాస్తే ఆ ఊరు వెళ్లి వినాల్సిందే, సినిమా హాస్యంలో విన్నది పనికిరాదు.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జయంతికి తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. వాడుక భాష కోసం, సవర భాష కోసం జీవితం పెట్టిన మనిషి. పుట్టింది మా జిల్లాలోనే, 1863లో, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో. ఒక బడిలో ఆ సభకి నన్ను పిలిచారు. వేదిక మీద గంటసేపు గ్రాంథికం దొర్లింది. కింద ఒక గుంట, అంటే మా వైపు చిన్నపిల్ల, ‘నాకు మైకు అందతనేదు’ అంటే హాలంతా నవ్వింది. నాకైతే ఆ రోజు విన్న మంచి తెలుగు అదొక్కటే.

శ్రీకాకుళం రచయిత అంటే పోరాట కథలే రాయాలి కదా?

రాసినవాళ్లు రాశారు, గొప్పగా రాశారు. ఆ నీడ మా అందరి మీదా ఉంది, నేను తప్పుకు తిరగను. ఇప్పటి మా ఊళ్లో కిడ్నీ జబ్బు ఉంది, చెన్నైకీ హైదరాబాదుకీ వలస వెళ్లే బళ్లు ఉన్నాయి, జీడిపప్పు ధర ఉంది, అత్తాకోడళ్ల టీవీ తగాదా ఉంది. అన్నీ రాస్తాను.

ఏం చదవాలి? ఎక్కడ చదవాలి?

కథ రాయాలనుకునేవాళ్లు శ్రీకాకుళంలో కథానిలయానికి ఒకసారి వెళ్లండి. కథా రచయిత కాళీపట్నం రామారావుగారు, మేమంతా కారా మాస్టారనే అంటాం, 1997 ఫిబ్రవరి 22న ప్రారంభించారు. తెలుగులో అచ్చయిన ప్రతి కథనీ ఒకచోట చేర్చాలన్నది ఆయన పట్టు. తనకొచ్చిన పురస్కారాల డబ్బు అందులో పెట్టారు. 2021 జూన్‌లో ఆయన పోయేనాటికి అదొక పెద్ద భాండాగారం. ఇప్పుడు వేల కథలు స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో ఉంచారు, ఇంట్లో కూర్చునైనా చదువుకోవచ్చు. కానీ వెళ్లాలి. పాత పత్రికల్లో కథ చదువుతుంటే పక్కన సబ్బు ప్రకటన, కింద పాఠకుల ఉత్తరాలు, ఆ నెల జనం ఏం మాట్లాడుకున్నారో అంతా కనిపిస్తుంది. స్కాన్‌లో కథ ఒక్కటే దొరుకుతుంది.

రైల్లో వచ్చేవాళ్లు శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగండి. అది ఆమదాలవలసలో ఉంది, అక్కణ్ణుంచి ఊళ్లోకి బస్సో ఆటోనో ఎక్కాలి. స్టేషన్ బయట కథానిలయం ఏదని అడిగి ఖంగారు పడొద్దు.

విజయనగరం వెళ్తే గురజాడ ఇల్లు చూడండి. అలాగే మహారాజా సంగీత కళాశాల. 1919లో పెట్టారు, హరికథలు చెప్పిన ఆదిభట్ల నారాయణదాసుగారు అప్పట్లో అక్కడ అధ్యక్షులుగా ఉండేవారు. ఒక్క మనిషి నిలబడి, చిడతలు పట్టుకుని, పాడుతూ ఆడుతూ కథ చెప్పి రాత్రంతా ఊరిని కూర్చోబెట్టడం ఎలాగో ఆలోచించాలనుకుంటే ఆ గుమ్మం దగ్గర ఆలోచించొచ్చు.

పుస్తకం సొంతంగా వేసుకోవాలంటే ఏం చెయ్యాలి? ఖర్చు ఎంతవుతుంది?

ఇది నా వృత్తి కూడా కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు పేజీల లెక్క. మామూలు కథల పుస్తకం డెమీ అనే అచ్చు కాగితంలో ఎనిమిదో వంతు సైజు. ప్రెస్సులో కాగితం ఫారాల లెక్కన నడుస్తుంది, ఫారానికి 16 పేజీలు. మీ పుస్తకం 112 పేజీలైతే సరిగ్గా ఏడు ఫారాలు. 115 వస్తే మిగతా ఖాళీ పేజీలకీ మీరే డబ్బు కడతారు. కాబట్టి ఒక కథ తీసెయ్యండి, లేదా ముందుమాట ఒకటి తగ్గించండి. తెలుగు పుస్తకాల్లో ముందుమాటలు ఎప్పుడూ ఒకటి ఎక్కువే ఉంటాయి.

తర్వాత ఫాంటు. మన డీటీపీ సెంటర్లలో చాలామంది ఇప్పటికీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే కొడతారు. అచ్చుకి అందంగానే ఉంటుంది. కానీ అది యూనికోడ్ కాదు. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే మీ కథ అర్థంలేని గీతల్లా, ఇంగ్లీషు అక్షరాల్లా కనిపిస్తుంది. ఈబుక్ చెయ్యాలన్నా, పత్రికకి పంపాలన్నా మళ్లీ మార్పించాలి, మార్చినప్పుడు ఒత్తులు జారిపోతాయి. మొదటే యూనికోడ్‌లో కొట్టించండి. ఇండిజైన్‌లో పేజీలు పెట్టేవాళ్లయితే వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టమని చెప్పండి, లేకపోతే ఒత్తులు అక్షరం కింద కూర్చోక పక్కకి పోతాయి.

ప్రూఫులు మీరు చూడొద్దు. మీకు మీ కథ కంఠస్థం, కన్ను తప్పు మీంచి జారిపోతుంది. ఇంకొకరి చేత చూపించండి, వాళ్లకి డబ్బివ్వండి.

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య, ఉచితం. రాజా రామమోహన్ రాయ్ నేషనల్ ఏజెన్సీకి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టుకుంటే సొంతంగా వేసుకునే రచయితలకీ ఇస్తారు. ఇప్పిస్తామని ఎవరైనా డబ్బడిగితే నమస్కారం పెట్టేయండి. పుస్తకం వచ్చాక 30 రోజుల్లోగా ఒక కాపీ కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి పంపాలి, 1954 నాటి చట్టం. చెన్నై కన్నెమరా, ముంబై ఏషియాటిక్ సొసైటీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీలకీ ఒక్కొక్కటి. చాలామంది పంపరు. మీరు పంపండి.

ఇక ధర. కాగితం రేటు ఆర్నెల్లకోసారి మారుతుంది కనుక అంకె చెప్పను, లెక్క చెబుతాను. ధర 150 పెట్టారనుకోండి. పుస్తకాల దుకాణం కమిషన్ నూటికి నలభై అయితే 60 పోతుంది, మీకు 90. అచ్చుకి కాపీకి 70 అయితే మిగిలేది 20, అదీ అన్నీ అమ్ముడైతే, దుకాణం డబ్బు పంపితే. పుస్తకాలు చవగ్గా పంపే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ 2024 డిసెంబరులో పోయింది, అప్పటినుంచి ఒకటీ అరా కాపీ పంపాలంటే తపాలా ఖర్చు కూడా ముందే లెక్కేసుకోవాలి. అందుకే తక్కువ కాపీలు వేస్తాను, అయిపోతే మళ్లీ వేస్తాను. మొదటి పుస్తకానికే వెయ్యి కాపీలు వేసి మంచం కింద పెట్టుకున్నవాళ్లు మా జిల్లాలో బోలెడంతమంది. వాళ్లింటికి వెళ్తే కాఫీతోపాటు పుస్తకమూ ఇస్తారు.

ఒక కాపీ ఉచితంగా పంపుతారా?

బడి లైబ్రరీలకి పంపుతాను. మీకు పంపను. జీడిపప్పు కొన్నవాళ్లు పుస్తకం కొనగలరు.

ఆవిష్కరణ సభ పెట్టలేదేం?

హాలు అద్దె, బ్యానరు, శాలువాలు, జ్ఞాపికలు, భోజనాలు. ఆ డబ్బుతో ఇంకో ఫారం అచ్చవుతుంది.

మీ కథని షార్ట్‌ఫిల్మ్ తీస్తాం, కవితని యూట్యూబ్‌లో చదువుతాం. అభ్యంతరం ఉందా?

చదవండి, పేరు చెప్పండి, ముందు ఒక మాట అడగండి. సినిమా అయితే మాత్రం కాగితం కావాలి. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. హక్కులు రాతపూర్వకంగా ఇస్తేనే చెల్లుతుంది. ఎంతకాలానికో రాసుకోకపోతే ఐదేళ్లు అనుకోవాలి. హక్కులు తీసుకుని ఏడాదిలోగా వాడకపోతే, ఒప్పందంలో వేరేలా లేకపోతే, అవి రాసినవాళ్లకి తిరిగొచ్చేస్తాయి. కొత్తవాళ్లు సంతకం పెట్టేముందు ఈ మూడూ చూసుకోండి. ‘అన్ని హక్కులూ, అన్ని కాలాలకీ, అన్ని భాషలకీ’ అని ఉంటే పెన్ను మూసేయండి. రిజిస్ట్రేషన్ చేయించుకోకపోయినా రాసిన రోజు నుంచే హక్కు మీది.

చనిపోయినవాళ్ల రచనలకి, వాళ్లు పోయిన ఏడాది తర్వాత నుంచి 60 ఏళ్లు. గురజాడ 1915లో పోయారు, ఆయనవి ఎవరైనా వేసుకోవచ్చు. కారా మాస్టారివి 2081 చివరిదాకా వారసులని అడగాలి. ‘పాతవే కదా’ అని కథలు ఎత్తి వినిపించే చానెళ్లు ఈ లెక్క ఒకసారి చూసుకుంటే బాగుంటుంది.

మా అమ్మాయి కవితలు రాస్తోంది, ఎనిమిదో తరగతి. చదువు పాడవుతుందా?

పాడవదు. నోటుబుక్కు చూడొద్దు, తనే చూపిస్తే చదవండి. బంధువులొచ్చినప్పుడు నిలబెట్టి చదివించకండి.

నా కథ చదివి అభిప్రాయం చెబుతారా?

ఒక్కటి పంపండి, సంపుటి మొత్తం కాదు. పంపేముందు ఇంట్లో ఎవరికైనా బయటికి చదివి వినిపించండి. వాళ్లు ఫోను తీసిన చోట ఓ గీత పెట్టండి. గీతతో సహా పంపండి. నేను చెప్పబోయేది సగం అక్కడే ఉంటుంది. జవాబుకి ఒక్కోసారి నెల పడుతుంది. పరీక్షల దరఖాస్తుల సీజనైతే ఇంకా ఎక్కువ.

మా ఊరు వచ్చి కథ చెబుతారా?

వస్తాను. ఆదివారం, లేదా సాయంత్రం దుకాణం కట్టాక. ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా అయితే ఆ రాత్రికే తిరిగొచ్చేస్తాను. శ్రీకాకుళం, విజయనగరం వైపు అయితే పడుకోవడానికి చోటు, పొద్దున్నే బస్సు లేదా రైలు. దారిఖర్చులు ఇవ్వండి. బడికైతే అదీ అక్కర్లేదు, ఒక పూట అన్నం చాలు. మైకు వద్దు, ఉన్నా వాడను. కుర్చీలు వరసగా వెయ్యకండి, పిల్లలు కింద ముందు కూర్చోవాలి. కోతల రోజుల్లో పిలవకండి, వినాల్సినవాళ్లు పొలంలో ఉంటారు. పిలిచేటప్పుడు మీ ఊళ్లో కథ బాగా చెప్పే ముసలమ్మ ఎవరైనా ఉంటే ఆవిణ్ణి కూడా పిలవండి. ముందు ఆవిడ చెబుతుంది, తర్వాత నేను.